వెయింగ్ మిషను చెప్పే కొవ్వు నిజమేనా?

మామిడికాయల సీజన్లో మా ఊరు చాట్రాయి వెళ్తూ, ఒంట్లో కొవ్వెంతో చెప్పే వెయింగ్ మిషను ఒకటి పట్టుకెళ్లాను. పొద్దున్నే ఎక్కితే కొవ్వు 24 శాతం అంది. నాన్నతో పాటు మధ్యాహ్నం దాకా ఎండలో తోటంతా తిరిగొచ్చి ఎక్కితే బరువు కిలో తగ్గింది, కొవ్వు మాత్రం 26కి చేరింది! ఒక్క పూటలో అంత కొవ్వు ఎక్కడ్నించి వచ్చిందండీ?

అసలు సంగతేంటంటే, ఆ మిషను కొవ్వుని కొలవదు. అరికాళ్లలోంచి సన్నటి కరెంటు పంపి, ఒళ్లు దాన్ని ఎంత అడ్డుకుంటోందో చూస్తుంది. (అందుకే పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎక్కకూడదు.) నీరుండే కండలో కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వులో అంత తేలిగ్గా పోదు. దానికి బరువు, ఎత్తు, వయసు, ఆడా మగా కలిపి ఫార్ములాలో వేస్తుంది. చెమట పట్టి నీరు తగ్గితే, దాని లెక్కలో కొవ్వు పెరిగినట్టే. పైగా కరెంటు ఒక కాల్లోంచి రెండో కాల్లోకి పోతుంది కాబట్టి పొట్ట సంగతి చాలావరకు అంచనాయే.

అలాగని కొవ్వుని పట్టించుకోవద్దనను. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ లాన్సెట్ పత్రికలో తమ ఫోటోలే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2! 'నేను సన్నగానే ఉన్నాగా' అనుకుంటూ రోజంతా కుర్చీలో కూర్చునే మనం ఆలోచించాల్సింది ఇక్కడే.

నా మటుకు నేను వారానికోసారి, పొద్దున్నే ఒకే టైముకి, ఏమీ తినకముందు ఎక్కుతున్నాను. ఆ రోజు అంకెని కాదు, రెండు మూడు నెలల్లో అది ఎటు పోతోందో చూస్తున్నాను. దానికంటే టైలరు టేపునే ఎక్కువ నమ్ముతున్నాను. మనవాళ్లలో నడుము చుట్టుకొలత మగాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. నాది 94.

నాన్న మాత్రం ఒక్కటే అన్నారు. "కాటా బరువు చెబుతుందిరా. టెంకెంతో కాయ కోస్తేగా తెలిసేది!"