నన్నారికి ఆ రెండు మాటలెందుకు?

ఎండాకాలం వస్తే కడప, కర్నూలు వీధుల్లో నన్నారి షర్బత్తు బండి కనబడని సెంటరు ఉండదు. నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేసి, సోడా కలిపి ఇస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ రుచితో నాకు ఏ పేచీ లేదు. నా పేచీ అంతా సీసాల మీద, వాట్సాప్ మెసేజుల్లో ఈమధ్య కనబడే రెండు మాటలతోనే: యాంటీ మైక్రోబియల్, యాంటీ ఆక్సిడెంట్.

ఆ మాటలు పచ్చి అబద్ధమైతే తోసేయొచ్చు. సగం నిజం కాబట్టే తంటా. నన్నారి పేరుతో మనం వాడేవి రెండు: సన్నటి వేళ్ల సుగంధిపాల, కొండల్లో రాళ్ల సందున పాకే తీగ నుంచి తవ్వే మారేడు గడ్డలు. రెండింటి వాసనకూ ముఖ్యంగా ఒకే పదార్థం కారణం. అది వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌కు దాయాది; అవే పరమాణువులు, అమరిక వేరు. మారేడు గడ్డల నుంచి తీసిన సారం బాక్టీరియాను అడ్డుకుంటుందని మైసూరు సి.ఎఫ్.టి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు 1999లోనే రాశారు.

కానీ అది ప్రయోగశాలలో, చిక్కటి సారంతో చేసిన పరీక్ష. మన గ్లాసులో ఉండేది అది కాదు. ఆ నూనె గాలిలో కలిసిపోయే రకం. మూత లేకుండా మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, గిన్నెలోది తగ్గిపోతుంది. సీసా నెలలకొద్దీ చెడకుండా ఉందంటే ప్రధానంగా చక్కెర పాకం చలవే.

ఆ చక్కెరనే షుగరున్న అత్తమ్మ "మందే గదమ్మా, తాగితే ఏమైతాది?" అని రోజుకు రెండు గ్లాసులు తాగుతుంది. ఇంటిల్లిపాది ఆరోగ్యం ఆడదాని నెత్తిన ఉంటుందని తెలిసినవాళ్లే ఈ మాటలు మన మీదికి వదులుతారు. చుక్కల సీసాల్లో అమ్మే రకరకాల నూనెలదీ ఇదే కథ. సూక్ష్మజీవిని చంపేంత ఘాటు పసిబిడ్డ చర్మాన్ని మాత్రం ముద్దాడుతుందా?

"ఆయుర్వేదంలో లేదా?" అంటారు. ఉంది. శారిబ అంటే సుగంధిపాలే. అయితే వైద్యుడు మనిషిని చూసి, మోతాదు చెప్పి ఇస్తాడు. లేబులు మనల్ని చూడదు.

ఇంకో సంగతి ఆ లేబులు అసలే చెప్పదు. తులసి ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది. మారేడు గడ్డకోసం వేరంతా పెకలిస్తే తీగే పోతుంది. ఇది దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా సహజంగా పెరగదు. ఐ.యు.సి.ఎన్. దీన్ని అంతరించే ప్రమాదమున్న మొక్కల్లో చేర్చింది. సర్వరోగ నివారిణి అని మనం ఎగబడేకొద్దీ కొండమీద తవ్వకం పెరుగుతుంది.

కాబట్టి ఈసారి కొట్లో సీసా వెనక్కి తిప్పండి. పదార్థాల పట్టీలో ఎక్కువ బరువున్నదే ముందు రాయాలి. మొదట చక్కెర, చివర్లో నన్నారి ఫ్లేవర్ అని ఉంటే వేరు వాసన కూడా అందులో లేకపోవచ్చు. వేళ్లు కొనేటట్టయితే ఎక్కడివి, తోటలో పెంచినవా అని అడగండి. అమ్మేవాడు విసుక్కున్నా సరే, అడగండి. మన పెద్దలు దానికి పెట్టిన పేరు సుగంధి. ఆ వాసన కోసం, చలువ కోసం అప్పుడప్పుడూ ఒక గ్లాసు తాగుదాం. జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి పోదాం.