షైలాకునకు జరిగిన న్యాయము

షేక్స్పియరు మహాకవి రచించిన ‘వెనిసు వర్తకుడు’ మనవారికి క్రొత్త నాటకము కాదు. పూర్వపు మదరాసు రాజధానిలో ఆంగ్లవిద్య ప్రబలిన నాటినుండియు తరతరముల విద్యార్థులు దానిని చదివిరి. అందలి న్యాయస్థాన రంగమును కంఠస్థము చేసి కళాశాలల యుత్సవములందు ప్రదర్శించుట మన పెద్దలకు పరిపాటి. నాటకమును చదువనివారికి సైతము షైలాకు పేరు తెలియును. హెచ్చువడ్డీ గుంజువానిని షైలాకని నిందించుట మన వాడుకలోనికి వచ్చినది. ఆ నింద ఒక లోభికి తగులుచున్నదా, ఒక జాతికంతకును తగులుచున్నదా యని విచారించినవారు మాత్రము మనలో మిక్కిలి తక్కువ. 2014లో అమెరికా ఉపాధ్యక్షుడుగా నుండిన బైడెను అన్యాయపు ఋణదాతలను ఈ పేరుతో నిందించి, యూదు ప్రముఖు లాక్షేపింపగా, తాను వాడినది తగనిమాట యని యొప్పుకొనవలసి వచ్చెను. అక్కడ పొరపాటుగా నెంచబడినది ఇక్కడ పరీక్షకు వ్రాయదగిన సమాధానముగా చెల్లుచున్నది.

ఈ నాటకమును బాలుర చేతికీయవచ్చునా యను వివాదము చిరకాలముగా నున్నది. 1949లో న్యూయార్కు నగరమున నొక పౌరుడు ఈ నాటకమును, డికెన్సు వ్రాసిన ‘ఆలివరు ట్విస్టు’ నవలను పాఠశాలలనుండి తొలగింపవలెనని న్యాయస్థానమున కెక్కెను. ద్వేషమును రగిల్చు దురుద్దేశముతో వ్రాసిన గ్రంథమైననేగాని, అందలి పాత్ర యొకటి యొక జాతిని నొప్పించుచున్నదను కారణము చాలదని చెప్పి న్యాయాధిపతి ఆ విన్నపమును త్రోసివైచెను. ఐరోపాలో 60 లక్షల యూదులు హతులైన ఘోరము ముగిసి అప్పటికి నాలుగేండ్లే యైనది. కావున విన్నవించినవాని వేదనను పరిహసించుట మానవత్వము కాదు. అయినను మా యభిప్రాయము న్యాయాధిపతి పక్షముననే యున్నది. ఆ నాటకము పాఠశాలలో నుండవలసినదే. కాని దానిని మనవారు బోధించుచు వచ్చిన రీతి మాత్రము మారితీరవలెను.

ఆ రీతి యెట్టిది? అంగడిలో నమ్మెడు నోట్సు పుస్తకమును తెరచి చూడుడు. షైలాకు క్రూరుడు, లోభి, పగబట్టినవాడు. ఆంటోనియో ఉదారుడు, స్నేహితునికై ప్రాణమొడ్డినవాడు. పోర్షియా దయామూర్తి, కుశాగ్రబుద్ధి. ఈ మూడు ముక్కలు వల్లించినవానికి మార్కులు సిద్ధము. బాలుడు కరుణను గూర్చిన యుపన్యాసమును కంఠస్థము చేయును. ఆ యుపన్యాసము ముగిసిన కొలదిసేపటికే కరుణ పేరిట ఏమి జరిగినదో యాతని నడిగెడువారు లేరు. సగము నాటకమును చదివి పూర్తితీర్పు చెప్పుటకు మన బాలురు శిక్షితులగుచున్నారు.

నాటకమును మొదటినుండి చదువుదము. బస్సానియో యను మిత్రుని కొఱకు ఆంటోనియో 3000 డకాట్లు అప్పు కోరి షైలాకు నొద్దకు పోవుచున్నాడు. ఈ యాంటోనియోయే వర్తకులు కూడెడు రియాల్టోలో షైలాకును కుక్కయని తిట్టినాడు, గడ్డముపై నుమ్మివేసినాడు. షైలాకు ఆ సంగతిని జ్ఞాపకము చేయగా పశ్చాత్తాపపడెనా? లేదు. ఇకముందును తిట్టుదును, ఇకముందును ఉమ్మివేయుదును, శత్రువున కిచ్చినట్లే యిమ్మని బదులు చెప్పుచున్నాడు. అప్పడుగ వచ్చినవాని నోటినుండి యిట్టి మాట వెలువడగలిగిన దేశమున బలమెవ్వరిదో చెప్పనక్కరలేదు. తరువాత షైలాకు కూతురు జెస్సికా తండ్రి ధనముతో ఒక క్రైస్తవునివెంట పోవుచున్నది. పెండ్లికి పూర్వము తనకు లేయా యిచ్చిన యుంగరమును కూతురు ఒక కోతికి మారుగ నిచ్చివేసెనని విన్నప్పుడు ఆ ముసలివాడు పడిన బాధను షేక్స్పియరు కొలదిమాటలలో చూపెను. ధనమే ప్రాణమని మనము చెప్పుకొను లోభి, ఆ యుంగరమును మాత్రము ధనముగా నెంచలేదు.

యూదునికిని క్రైస్తవునికిని దేహమును ఇంద్రియములును ఆకలియు రోగమును ఒకటేగదా యని షైలాకు వాదించు ఘట్టము లోకప్రసిద్ధము. ఉదారులైన యుపాధ్యాయులు దానిని సమతాబోధగా జెప్పి సంతసించుచుందురు. కాని యా వాదము సమతతో ముగియలేదు. పగతీర్చుకొనుట తనకు క్రైస్తవులే నేర్పిరనియు, గురువులను మించి చూపుదుననియు ముగిసినది. బాధితుడు బాధచే పవిత్రుడగునని కవి చెప్పలేదు. ఎడతెగని యవమానము మనుష్యుని నేమి చేయునో చూపినాడు. న్యాయస్థానమున కత్తినూరుచున్న షైలాకును మేము సమర్థించుట లేదు. 1814లో ఎడ్మండు కీను, 1879లో హెన్రీ ఇర్వింగు లండను రంగస్థలమున షైలాకును గంభీరునిగ నభినయించి ప్రేక్షకుల జాలి నార్జించిరి. ఆ జాలి తగినదే. కాని దుష్టుడన్న ముద్ర చెరిపి సాధువన్న ముద్ర వేసినంతమాత్రమున నాటకము బోధపడదు.

ఇక న్యాయస్థానము. పురుషవేషమున వచ్చిన పోర్షియా తొలుత అడుగుచున్నది: ఇచ్చట వర్తకు డెవ్వడు, యూదు డెవ్వడు? ఈ ప్రశ్న నుపాధ్యాయులు దాటిపోవుదురు. అటుపిమ్మట ఆ సభలో షైలాకును పేరుతో పిలుచుటకంటె యూదుడా యని పిలుచుటయే హెచ్చు. దానికి ముందే షైలాకొక ప్రశ్న వేసియున్నాడు. మీరు ధనమిచ్చి కొన్న దాసులను గాడిదలవలె వాడుకొనుచున్నారే, వారిని విడువుడనినచో, వారు మా సొత్తని యందురుగదా. నేను కొన్న మాంసమును నాది కాదనుటకు మీరెవ్వరు? ప్రభువు దీనికి సమాధానము చెప్పలేదు. పాడువా నుండి రావలసిన న్యాయవేత్త రానియెడల సభ చాలింతునని మాట మార్చెను. ఆ ప్రశ్నకు నాటకాంతము వరకు ఎవ్వరును బదులు చెప్పలేదు.

పిదప తీర్పు. రక్తము చిందింపక మాంసము కోయవలెనను యుక్తిచే ఆంటోనియో ప్రాణము దక్కినది, సంతోషము. అంతతో నాగక, పౌరుని ప్రాణమునకు కుట్రపన్నిన పరదేశికని యొక చట్టమును బయటికి తీసిరి. వెనిసులోనే కాపురమున్న యూదుడు ఆ చట్టము దృష్టిలో పరదేశియే. ఆస్తిలో సగము ఆంటోనియోకు, సగము ప్రభుత్వమునకు. ప్రభువు తన సగమును జుల్మానాగా తగ్గింప సిద్ధపడగా, ఆంటోనియో తన దయను చూపెను. షైలాకు వెంటనే క్రైస్తవుడు కావలెను. ఆస్తి తుదకు అల్లునికి, కూతునకు చెందునట్లు వ్రాసి యీయవలెను. కరుణ బలవంతముచే పుట్టునది కాదని యుపన్యసించిన సభలోనే మతము బలవంతముగా మార్చబడినది. దానిపేరు దయ! తనకు దేహస్థితి బాగులేదని చెప్పి షైలాకు వెడలిపోవును. ఐదవ అంకమున నాతడు లేడు. అందు వెన్నెల, సంగీతము, ఉంగరముల వేళాకోళము మాత్రమే యున్నవి.

ఇందు కవియొక్క నేరమెంత, కాలముయొక్క నేరమెంత? నాటకము 1600లో అచ్చుపడినప్పుడు దాని ముఖపత్రముననే షైలాకు యూదుని క్రూరత్వము ప్రకటింపబడెను. 1290లో ఒకటవ ఎడ్వర్డురాజు యూదులను ఇంగ్లండునుండి వెడలగొట్టెను. 1656లో క్రామ్వెలు కాలమునగాని వారికి తిరిగి బహిరంగముగా నచ్చట నిలువ నీడ దొరకలేదు. అనగా షేక్స్పియరు ప్రేక్షకులలో పెక్కుమంది యూదుని కంటజూచి ద్వేషించినవారు కారు, విని ద్వేషించినవారు. 1594లో ఎలిజబెత్తు రాణికి వైద్యుడైన లోపెజు, రాణికి విషముపెట్ట యత్నించెనను నేరముపై ఉరితీయబడెను. యూదసంతతివాడగుటచే నాతని జన్మమును సైతము జనులు నిందించిరి. మార్లో రచించిన ‘మాల్టా యూదుడు’ ఆ దినములలో రంగస్థలమున విశేషముగ నాడెను. అట్టి గాలిలో షేక్స్పియరు నాటకము పుట్టినది. జనుల ద్వేషమును వాడుకొని కవి నవ్వించెను. ఆ ద్వేషమునకు మించి మనుష్యుని చూచెను. రెండును నిజమే.

వెనిసు సంగతి యింకను విచారింపదగినది. 1516లో ఆ ప్రభుత్వము యూదులను ఘెట్టో యను నొక పేటలో బంధించెను. రాత్రివేళ దాని ద్వారములు మూయబడుచుండెను. వెలుపలికి వచ్చునప్పుడు యూదుడని తెలియు గుర్తు ధరింపవలెను. భూమి కొనరాదు. చేతిపనుల శ్రేణులలో చేరరాదు. పాతబట్టల వ్యాపారము, వైద్యము, వడ్డీకి అప్పిచ్చుట మొదలగు కొలదివృత్తులే మిగిలినవి. వడ్డీ తీసికొనుట క్రైస్తవునకు పాపమని మతగురువులు శాసించియుండిరి. అప్పు లేనిదే నగర వ్యాపారము సాగదు. కావున ఆ పనికి యూదుని నియమించిరి, పన్నులు గుంజిరి, పిదప వడ్డీ తినువాడని యుమ్మివేసిరి. ఒక జనమునకు వేరుదారి లేకుండ జేసి, మిగిలిన దారిని నడచినందుకు హీనులనుట — ఇదియే యా నాటకమునకు వెనుకనున్న యసలు పత్రము.

మా పాఠకులకు ఈ యేర్పాటు పరిచితముగా దోచుట లేదా? ఊరికి వెలుపల వాడ కట్టించి, చచ్చిన పశువును మోయుట నీ వంతని నిర్ణయించి, మోసినందుకు అంటరానివాడన్న సంఘము మనదే. 1568లో కొచ్చిన్‌లో రాజప్రాసాదము చేరువనే యూదుల ప్రార్థనామందిరము వెలసినదని మనము గర్వింపవచ్చును. ఆ గర్వము వెలివాడను మరపింపరాదు. నాటకముననే పోర్షియాను వరింపవచ్చిన మొరాకో రాజకుమారు డోడిపోయినప్పుడు, ఆతని వంటి మేనిరంగు గలవారందరు నిట్లే యోడుదురుగాక యని యామె కోరుకొనును. నల్లని మేనుగల మన బాలురు దానిని చదివి పోర్షియాను దయామూర్తి యని వ్రాయుచు వచ్చిరి. గుంటూరుసీమలో చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెమున తమ్ము యూదులని చెప్పుకొను తెలుగు కుటుంబములున్నవి. ఆ యింటి పిల్లవాడు మన నోట్సు పుస్తకమును తెరచినప్పుడు తన్నుగూర్చి యేమి చదువును?

ద్వేషమున కీ నాటకము పనికివచ్చినమాట నిజము. 1943లో నాజీల యేలుబడిలోని వియన్నా నగరమున వెర్నరు క్రౌస్సు షైలాకును నీచాతినీచునిగ నభినయించెను. ఆ నగరపు యూదులు అప్పటికే మరణశిబిరములకు తరలింపబడియుండిరి. కాని యొక విశేషము గమనింపుడు. యూదునికూతురు క్రైస్తవుని పెండ్లాడుట నాజీల శాసనమునకు సరిపడలేదు. కావున వారి కాలపు ప్రదర్శనములలో జెస్సికా పుట్టుకనే మార్చవలసివచ్చెను. ఉన్నదున్నట్లుగా నీ నాటకము ద్వేషమునకు చాలలేదు, కోత పెట్టుకొనవలసివచ్చినది. మన నోట్సు పుస్తకములు చేయునదియు కోతయే. నిషేధింపుమనువారు కోరునదియు కోతయే.

గాయపడినవారే దీనిని పారవేయలేదు. 1936లో టెల్ అవీవులో హబీమా సమాజము హీబ్రూభాషలో ప్రదర్శించెను. ఆ సందర్భముననే నాటకముపై బహిరంగ విచారణసభ జరిపి వాదించుకొనిరి. 2016లో ఘెట్టోకు 500 ఏండ్లు నిండగా ఆ పేటలోనే నాటకము నాడిరి. అమెరికా సర్వోన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి గిన్స్‌బర్గు అధ్యక్షతను షైలాకు అప్పీలును వినోదముగ విచారించి, మతము మార్పించిన తీర్పును కొట్టివైచి, అసలు సొమ్మును వడ్డీలేకుండ నిప్పించిరి. మనమేమి చేసితిమి? కాళ్లకూరి నారాయణరావుగారి ‘చింతామణి’లోని సుబ్బిశెట్టి పాత్ర తమ కులము నవమానించుచున్నదని వైశ్యులు మొరపెట్టగా, ప్రభుత్వము 2022 జనవరిలో నాటకమునే నిషేధించెను. మూలమున లేని వెకిలిమాటలను ప్రదర్శకులు చేర్చిరను మాట వాస్తవమైనచో, ఆ వెకిలితనమును నిందింపవలెను. నాటకమును పూడ్చినంతమాత్రమున వర్తకకులముపై మన సామెతలలో పేరుకొన్న యెగతాళి పోవునా?

ఉపాధ్యాయులకు, పరీక్షకులకు మా మనవి యిది. ఐదంకములు చదివింపుడు. 1290, 1516, 1943 — ఈ మూడు సంవత్సరములలో నేమి జరిగెనో యొక దినము చెప్పుడు. షైలాకు శీలమును వర్ణింపుమను ప్రశ్నను మానివేసి యిట్లడుగుడు: బలవంతముగా మతము మార్పించుట దయ యగునా? దాసులను గూర్చిన ప్రశ్నకు సభ యేల మౌనము వహించెను? ఒకని నేరమును వాని జాతికి గట్టుటకు నాటకమున నెవ్వరెవ్వరు పాటుపడిరి, మన యూరిలో నెవ్వరు పాటుపడుచున్నారు?

డేగ తరిమిన పావురమునకై శిబిచక్రవర్తి తన మాంసమునే కోసి త్రాసులో వేసినకథ మన బిడ్డలకు ఉగ్గుపాలతో వచ్చినది. త్రాసు ముందు నిలిచినప్పుడు ఎదుటివాని మాంసమును తూచుట యెంత సులభమో, తన న్యాయమును తూచుకొనుట యెంత కష్టమో ఆ కథ వినినవారికి వేరుగ చెప్పవలెనా? వెనిసు సభ ఆ పరీక్షలో తప్పినది. షైలాకును ఇక తిట్టుగా వాడకుందుముగాక, చదువుదముగాక.