చూసిపోయే వారే గాని ఉండే వారేరీ?

హైదరాబాదులో తెల్లవారుజామున బయలుదేరిన కుటుంబం తొమ్మిదిన్నరకల్లా హన్మకొండ వేయిస్తంభాల గుడి ముందు దిగుతుంది. గుడిలో అరగంట, భద్రకాళి అమ్మవారి దర్శనం, చెరువు కట్ట మీద పది నిమిషాలు, మధ్యాహ్నానికి ఖిలా వరంగల్. తోరణం ముందు నలుగురూ నిలబడి ఫొటో దిగుతారు. ఎక్కడో ఒక చోట బిర్యానీ తిని, రామప్పకు పోదామా వద్దా అని కాసేపు తర్జనభర్జన పడి, చీకటి పడక ముందే తిరుగుదారి పడతారు. ఏటా వచ్చే యాత్రికుల్లో ఇలా వచ్చి పోయే వారికి కొదవ లేదు.

దూరం తక్కువ కావడమే ఓరుగల్లుకు చేటు తెచ్చింది. రాజధానికి 140 కిలోమీటర్లు. కాజీపేటలోనూ, వరంగల్‌లోనూ రైళ్లు ఆగుతాయి. బస్సులకు లోటు లేదు. ఇక రాత్రి ఉండవలసిన పని ఏమిటని యాత్రికుడు అనుకోవడం సహజమే. కాని అతడు ఒక రాత్రి ఆగితే ఒక గది, రెండు పూటల భోజనం, పొద్దున టిఫిను, నాలుగు ఆటో బేరాలు ఈ ఊరికి దక్కుతాయి. ఆగకుంటే దక్కేది బిర్యానీ డబ్బులు మాత్రమే.

పోనీ, ఒక్క పూటలో చూసి పోగల ఊరా ఇది? వేయిస్తంభాల గుడినే తీసుకోండి. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. స్తంభాలు నిజంగా వెయ్యి ఉన్నాయా అని లెక్కపెట్టడంతోనే చాలామందికి కాలం గడిచిపోతుంది. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని 2006 ప్రాంతంలో విప్పదీసి, ఏళ్ల తరబడి నత్తనడకన సాగించి, ఎట్టకేలకు 2024 మార్చిలో తిరిగి తెరిచారు. రాయి మీద రాయి ఎలా కూర్చారో చూడాలంటే ఆ మండపంలోనే ఒక గంట కావాలి. కూతవేటు దూరంలోని పద్మాక్షి గుట్ట మీద జైన శిల్పాలున్నాయి. అక్కడి దాకా వెళ్లే వారు అరుదు.

ఖిలా వరంగల్ సంగతి మరీ అన్యాయం. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను రుద్రమదేవి పూర్తి చేయించిందని, దాని చుట్టూ మట్టికోట ఆమె వేయించిందేనని చరిత్ర. కోటలో స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలిపారు. 1323లో ఢిల్లీ సైన్యాల చేతిలో రాజ్యం కూలింది. గుడి నేలమట్టమైంది, తోరణాలు నిలిచాయి. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది ఆ తోరణమే. అయితే వచ్చినవారు ఒక తోరణం చూసి, మిగతా మూడూ అలాంటివే గదా అని వెనుదిరుగుతారు. నడుమ వరసలుగా పేర్చి ఉన్న శిల్పాల ముక్కల మధ్య నిదానంగా తిరిగితేనే ఆ గుడి ఎంతటిదో అంచనాకు వస్తుంది. పక్కనే ఖుష్‌మహల్. అవతల ఏకశిల గుట్ట. రాతిగోడ దాటితే పొలాలు, ఇళ్లు. కోటలో జనం నేటికీ కాపురముంటున్నారు. ఎండ చల్లబడ్డాక సాయంత్రం చూడవలసిన చోటు ఇది. ఒక్క పూట యాత్రికుడికి మాత్రం మిట్టమధ్యాహ్నమే రాసిపెట్టి ఉంది!

ఇక రామప్ప. హన్మకొండకు సుమారు 65 కిలోమీటర్ల దూరంలో పాలంపేటలో ఉంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. ఇసుక పునాది మీద నిలిచి, నీటిలో తేలే ఇటుకలతో శిఖరం ఎత్తుకున్న గుడి. చూరు కింద నల్లరాతి మదనికలను మెడ ఎత్తి చూస్తుంటే పొద్దు తెలియదు. మొదట వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప మూడింటినీ కలిపి ప్రపంచ వారసత్వ గుర్తింపుకు పంపే ప్రయత్నం జరిగింది. చివరకు 2021 జూలైలో రామప్ప ఒక్కదానికే ఆ గుర్తింపు దక్కింది. హన్మకొండలో రాత్రి ఉండి, పొద్దున్నే బయలుదేరినవారికి రామప్ప తీరికగా దొరుకుతుంది. మధ్యాహ్నం మూడు గంటలకు హడావుడిగా వచ్చినవారికి చెరువు కూడా సరిగా కనపడదు.

ఉండడానికి చోటు లేదా అంటే, ఉంది. హన్మకొండ చౌరస్తా, బస్టాండు పరిసరాల్లోనూ, వరంగల్ స్టేషన్ దగ్గరా అందుబాటు ధరల లాడ్జీలు ఉన్నాయి. కాస్త ఖర్చు పెట్టగలిగితే నక్కలగుట్ట వైపు పెద్ద హోటళ్లున్నాయి. పర్యాటక సంస్థవారి హరిత హోటలూ హన్మకొండలోనే ఉంది. రామప్ప చెరువు ఒడ్డున వారి కాటేజీలు ఉన్నాయి గాని గదులు కొన్నే కాబట్టి ముందుగా మాట్లాడుకోవడం మంచిది. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో మాత్రం త్రినగరిలో గది దొరుకుతుందని ఎవరూ ఆశపడరాదు. మామూలు రోజుల్లో చిక్కు గది దొరకడంలో లేదు. ఆడవాళ్లు, పిల్లలతో వచ్చిన కుటుంబం లాడ్జి మెట్లెక్కి పక్కగుడ్డ శుభ్రంగా ఉందా, స్నానాల గదిలో నీళ్లు వస్తాయా, గడియ సరిగా పడుతుందా అని చూస్తుంది. వీటిలో ఒక్కటి తేడా వచ్చినా రాత్రి బండికే వెనక్కి పోదామంటుంది. లాడ్జీల యజమానులు గుర్తించవలసింది ఇదే.

తిండి విషయం చెప్పాలంటే, ఇడ్లీ, దోసె, బిర్యానీ ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఓరుగల్లు వచ్చినవాడు తినవలసింది సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, శనగపప్పు, నువ్వులు, కారం కలిపి గిన్నెకు అద్ది, నడుమ చిల్లులు పొడిచి, నూనె పోసి కాల్చే ఆ రొట్టె ఇళ్లలో ఉన్నంతగా హోటళ్లలో లేదు. సకినాలు స్వగృహ దుకాణాల్లో దొరుకుతాయి గాని, కొనే చోటు ఫలానా అని బయటి ఊరి మనిషికి చెప్పేవారు ఉండాలి. కోట దగ్గర పది మంది మహిళా సంఘాల వాళ్లకు రెండు గదులు ఇచ్చి సర్వపిండి, జొన్నరొట్టె, అంబలి పెట్టిస్తే యాత్రికుడికీ, వారికీ మేలు. కొత్తవాడ జంపఖానాలదీ అదే కథ. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేత మగ్గం మీద సాగుతుండగా చూసినవాడు ఉత్తచేతులతో పోడు. అక్కడికి దారి చూపేదెవరు?

ప్రభుత్వం ఏమీ చేయలేదనడానికి వీల్లేదు. 2015లో కేంద్రం దేశంలో 12 నగరాలను వారసత్వ పథకానికి ఎంపిక చేస్తే వాటిలో వరంగల్ ఒకటి. చిక్కల్లా ఈ యాత్ర ఎవరి ఒక్కరి చేతిలోనూ లేకపోవడం. వేయిస్తంభాల గుడి హన్మకొండ జిల్లాలో ఉంది, కోట వరంగల్ జిల్లాలో ఉంది, రామప్ప ములుగు జిల్లాలో ఉంది. యాత్రికుడికి ఇది ఒకే ఊరు, ఒకే ప్రయాణం. ముగ్గురు కలెక్టర్లు, పురావస్తు, పర్యాటక, ఆర్టీసీ అధికారులు ఒక్కసారి కలిసి కూర్చుంటే తేలే పనులు చాలా ఉన్నాయి. పాలంపేటకు పోయే, వచ్చే బస్సుల వేళలు, ముఖ్యంగా ఆఖరి బస్సు వేళ, హన్మకొండ బస్టాండులోనూ రామప్ప గుడి వద్దా పెద్ద అక్షరాలతో రాయించాలి. స్టేషన్ నుంచి కోటకు, కోట నుంచి హన్మకొండకు ఆటో రేట్లు ఆటో సంఘాలతో మాట్లాడి ఖరారు చేసి బోర్డు కట్టాలి. నాలుగు తోరణాల మధ్య తాగునీరు, నీడ, మరుగుదొడ్ల శుభ్రత రోజూ చూసే మనిషిని పెట్టాలి.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా బడిపిల్లల విహారయాత్రల కాలం. కనీసం ఆ బస్సుల బోర్డయినా దసరా సెలవుల్లోగా పడితే ఈ ఏటి పిల్లలకు పనికివస్తుంది.