అరువు వేగం

2025 మార్చిలో ఒక మధ్యాహ్నం మా అక్క కొడుకు ఫోను చేశాడు. వాడు గుంటూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆటల కోసం సొంతంగా ఒక కంప్యూటరు కూర్చుకుంటానని వాళ్ళ నాన్నను ఏడాది పాటు పోరి ఎట్టకేలకు ఒప్పించాడు.

"మామయ్యా, నలభై వేలే ఇచ్చారు. ఎస్‌ఎంపీఎస్ చవకది వేసి, మిగిలిన డబ్బుతో పెద్ద కూలరు కొని, ప్రాసెసరును ఓవర్‌క్లాక్ చేస్తే పైమెట్టు దాని స్పీడు ఊరికే వస్తుందంట గదా!" అన్నాడు.

ఆ ‘ఊరికే’ అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు సుమా. ఆ మాటను వాడి చెవిలో వేసిన వాళ్ళ మీద. పదిహేడేళ్ళ క్రితం అదే మాటను నేనూ నమ్మాను. నమ్మి ఏం పోగొట్టుకున్నానో కాసేపట్లో చెబుతాను. నా వాదం మాత్రం ముందే చెప్పేస్తున్నాను: కంప్యూటరును చేత్తో కూర్చుకోవడం మంచి పని, ఎవరు కాదన్నా చేయవలసిన పని. కానీ ఈ మిరప, పత్తి మైదానంలో ఓవర్‌క్లాకింగును పేదవాడి పొదుపుగా బోధించడం మాత్రం అబద్ధం.

ముందు పెద్దమనుషుల సంగతి తేల్చుకుందాం. "ఆటల కోసం కంప్యూటరా? అదీ అసెంబుల్డా?" అని ముఖం చిట్లించే వారు మన సాహితీమిత్రుల్లోనూ ఉన్నారు. అసెంబుల్డు అన్నమాట మన దగ్గర ఒక తిట్టులాగా స్థిరపడిపోయింది. మా నాన్న ఆయిలింజను విప్పి రింగులు మార్చుకుంటే అది ‘పనితనం’. కొడుకు మదర్‌బోర్డు మీద ప్రాసెసరు కూర్చోబెట్టుకుంటే మాత్రం ‘పనిలేనితనం’! మూత వేసిన పెట్టెను కొని తెచ్చుకున్నవాడికి లోపల ఏముందో ఎన్నటికీ తెలియదు. తాను కూర్చుకున్నవాడికి ఏ భాగం ఎందుకుందో, ఏది చెడితే ఏం మార్చాలో తెలుస్తుంది. ఆట ఆ చదువుకు పెట్టిన తాయిలం. ఇక దీని మీద నేను వాదించను.

డబ్బు సంగతి మాత్రం చిన్నది కాదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ లెక్కన వాడి నలభై వేలు దాదాపు మూడు క్వింటాళ్ళ నలభై కిలోల ఎండు మిరపకాయలు. నారు, మందు, కోత కూలీ, తొడిమలు తీసినవాళ్ళ కూలీ, యార్డుకు కిరాయి, అన్నీ ఆ కాయల్లోనే ఉన్నాయి. అటువంటి డబ్బుతో కొనేదాన్ని కాల్చుకోమని చెప్పేవాడు, ఏ దేశపు నిపుణుడైనా సరే, మన శ్రేయోభిలాషి కాడు.

ఓవర్‌క్లాకింగు అసలు ఎన్నడూ లాభం చేయలేదా? చేసింది. న్యాయంగా ఒప్పుకోవాలి. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసరును విడుదల చేసింది. మదర్‌బోర్డు ఇచ్చే 66 మెగాహెర్ట్జుల తాళాన్ని అది నాలుగున్నరతో హెచ్చవేసుకుని 300 దగ్గర నడిచేది. తాళాన్ని 100కు మార్చితే అదే ముక్క 450 దగ్గర నడిచేది. చాలా ముక్కలు ఓల్టేజి పెంచకుండానే నడిచాయి. ఏకంగా సగం వేగం అదనం! ఓవర్‌క్లాకింగు అనే మతానికి మూలపురుషుడు ఆ సెలెరానే. ఆ మహిమ నిజం. అయితే అది ఆ కాలపు మహిమ. తయారీదారు ఆ ముక్కలో దాచిపెట్టి, అమ్మకుండా వదిలేసిన వేగం అది.

ఇప్పుడు నా కథ. 2007 డిసెంబరు సెలవుల్లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి సికింద్రాబాదు వెళ్ళి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మెట్లెక్కి దిగి, ఒక్కొక్క భాగమూ బేరమాడి కొన్నాను. ప్రాసెసరు ఇంటెల్ ఈ2160. దాని వేగం 1.8 గిగాహెర్ట్జులు, అంటే 200ను తొమ్మిదితో హెచ్చవేసినంత. 200ను 333 చేస్తే వేగం మూడు గిగాహెర్ట్జులవుతుంది. జాలంలో ప్రతివాడూ అదే పాట పాడుతున్నాడు. డబ్బు చాలక ఎస్‌ఎంపీఎస్ మాత్రం పేరూ ఊరూ లేనిది, 500 వాట్లని చీటీ అంటించినది కొన్నాను. చిలకలూరిపేట, మార్టూరుల నడుమ ఉన్న మా ఊరికి సంచిలో మోసుకొచ్చి, ముందుగదిలో బిగించాను. ఓల్టేజి కాస్త పెంచేసరికి మూడు గిగాహెర్ట్జులు అందుకుంది. రాత్రంతా పరీక్ష పెట్టాను, పాసయింది. అయితే నేను పరీక్ష పెట్టింది డిసెంబరు రాత్రి. పెట్టవలసింది మే మధ్యాహ్నం.

లెక్క కష్టమైనదేమీ కాదు. ప్రాసెసరులో పుట్టే వేడి వేగంతో పాటు అంతే పెరుగుతుంది. ఓల్టేజి పెంచితే మాత్రం దాని వర్గంగా పెరుగుతుంది. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే వేగానిది బారువడ్డీ, ఓల్టేజిది చక్రవడ్డీ. 1.8 నుంచి 3కు వెళితే 1.67 రెట్లు. ఓల్టేజి 1.25 నుంచి 1.4కు పెరిగితే మరో 1.25 రెట్లు. రెండూ కలిపి రెట్టింపుకు పైన. మామూలు వేగంలో గది వేడి కంటే పాతిక డిగ్రీలు ఎక్కువుండే ముక్క, అదే కూలరు కింద యాభై రెండు డిగ్రీలు ఎక్కువుంటుంది. ఇరవై డిగ్రీల గదిలో కూర్చుని వ్రాసినవాడికి అది 72, నిక్షేపంగా ఉంటుంది. నలభై రెండు డిగ్రీల మా ముందుగదిలో అది 94. కూలరు ఎంత గొప్పదైనా గదిలో ఉన్న గాలినే విసురుతుంది. అంతకంటే చల్లని గాలిని పుట్టించలేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం రెంటచింతలకు కొత్త కాదు, మాకూ పెద్ద తేడా ఉండదు. మిరపకాయలైతే గుంటూరు వెళ్ళి కోల్డు స్టోరేజీలో ‘ఏసీ సరుకు’ అనిపించుకుని చల్లగా పడుకుంటాయి. వాటిని పండించిన ఇంటికి ఆ భాగ్యం లేదు.

పైగా అది పత్తి ఇల్లు. ధర కోసం ఫిబ్రవరి దాకా ముందుగదిలోనే పత్తి పోసి ఉంచాం. ఫ్యాను గాలితో పాటు పీచును లోపలికి లాగింది. ఆ పీచు కూలరు రెక్కల మధ్య పరుపులా పేరుకుంది. తరవాత కల్లం నుంచి మిరప దుమ్ము వచ్చి దాని మీద చేరింది. ఇంటికి సరైన ఎర్తు లేదు. క్యాబినెట్టును వేలితో తాకితే జిల్లుమనేది. ఎర్తు లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్‌లోని చిన్న కెపాసిటర్ల మీదుగా డబ్బా మీదికి సగం ఓల్టేజి దాకా తేలుతుందని నాకప్పుడు తెలియదు. త్రీఫేజు వచ్చి చేలల్లో మోటార్లన్నీ ఒక్కసారి లేచినప్పుడు ఇంట్లో బల్బు ఎర్రబడేది. వీటిలో ఒక్కటైనా నేను చదివిన ఓవర్‌క్లాకింగు పాఠాల్లో లేదు. ఆ గురువులు పత్తి పోసిన ఇంట్లో ఒక్కరాత్రయినా నిద్ర చేసినవాళ్ళు కారు.

2008 మే నెలలో ఒక మధ్యాహ్నం టప్‌మని చప్పుడు, కమురు వాసన. ప్రాసెసరు తెలివైనది, బతికింది. వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. దాని పక్కన ఓల్టేజి మార్చి ఇచ్చే సరంజామాకు, ఆ చీటీ ఎస్‌ఎంపీఎస్‌కు అంత తెలివి లేదు. అవి పోతూ మదర్‌బోర్డునూ హార్డ్‌డిస్కునూ వెంట తీసుకుపోయాయి.

ఆ డిస్కులో ఆటలతో పాటు మా నాన్న లెక్కలున్నాయి. మూడేళ్ళ మిరప లెక్కలు: కాటా చీటీలు, తెచ్చిన అడ్వాన్సులు, జమ చేసిన తేదీలు. కంప్యూటరు ఊరికే ఆడటానికి కాదని నిరూపించాలని నేనే కూర్చుని ఎక్కించాను. కాగితాలకు చెదలు పడుతున్నాయని నేనే తగలబెట్టించాను. "దాంట్లో ఉందిగా, ఇంక కాయితాలెందుకు నాన్నా" అన్నది నేనే. ఆ ఏడు కమిషను వ్యాపారితో వడ్డీ లెక్క దగ్గర పేచీ వచ్చినప్పుడు మా చేతిలో చూపించడానికి ఏమీ లేదు. ఆయన చెప్పిందే లెక్కయింది. ఎంత తేడా వచ్చిందో మాకు ఈనాటికీ తెలియదు. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు.

మరో ప్రతి దాచుకోకపోవడం నా తప్పేనని మీరంటారు. నూటికి నూరుపాళ్ళూ నా తప్పే. కానీ ‘ఊరికే’ అని చెప్పినవాడి తప్పు దానివల్ల రద్దయిపోదు.

ఓవర్‌క్లాకింగుకు తెలుగు మాట ఏమిటని ఒకప్పుడు మిత్రులం తర్జనభర్జనలు పడ్డాం. ఒకరు అతివేగమన్నారు, ఇంకొకరు పరుగుపెంపు అన్నారు. నేనైతే ‘అరువు వేగం’ అంటాను. కెపాసిటరు ఆయుష్షు ప్రతి పది డిగ్రీలకూ సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్సులో పాత లెక్క. ఆ ఆయుష్షు నుంచే మనం ఈ వేగాన్ని అరువు తెచ్చుకుంటున్నాం. ఏసీ గదిలో ఉండి, మూడేళ్ళకొకసారి కొత్తది కొనేవాడు ఆ అప్పు తీర్చకుండానే తప్పుకుంటాడు. పదేళ్ళు వాడుకోవలసిన ఇంట్లో వడ్డీతో సహా వసూలవుతుంది. అరువంటే ఏమిటో ఈ నేల మీద ఎవరికీ చెప్పనక్కరలేదు.

పోనీ ఇప్పుడు అరువు తెచ్చుకుందామన్నా చవకగా దొరుకుతోందా? 2011 నుంచి ఇంటెల్ తన ప్రాసెసర్లలో చాలావాటికి తాళం వేసేసింది. తాళం లేనిది కావాలంటే పేరు చివర ‘కె’ ఉన్న ఖరీదైన రకం కొనాలి, దానికి తగ్గ ఖరీదైన బోర్డు కొనాలి. 2017లో వచ్చిన ఏఎండీ రైజెన్‌లకు తాళం లేదు కాని, అన్నిటికంటే చవకైన ఎ320, ఎ520 బోర్డుల మీద ఆ సదుపాయం లేదు. ఆ బోర్డుకు, పెద్ద కూలరుకు పెట్టే అదనపు డబ్బుతో పైమెట్టు ప్రాసెసరో, మెరుగైన గ్రాఫిక్స్ కార్డో వస్తుంది. ఆటల్లో ఎక్కువసార్లు అడ్డుపడేది గ్రాఫిక్స్ కార్డే, ప్రాసెసరు కాదు. పైగా సెలెరాన్ కాలంలోలాగా దాచిన వేగం ఇప్పుడు లేదు. టర్బో, బూస్టు అనే పేర్లతో తయారీదారే ఉన్నదంతా పిండి అమ్ముతున్నాడు. అతిగా పిండితే ఏమవుతుందో 2024లో చూశాం. 13, 14 తరాల ప్రాసెసర్లలో కొన్ని ఓల్టేజి ఎక్కువై దెబ్బతింటున్నాయని ఇంటెలే ఒప్పుకుని, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. చేసినవాడే చేయి కాల్చుకున్న చోట మనం వేలు పెట్టడమెందుకు?

"మరి ఆ ప్రపంచ రికార్డులో?" అంటారు. అయ్యా, మాది ఒంగోలు గిత్తల సీమ. బండలాగుడు పందెం మేమూ చూస్తాం, ఈలలు వేస్తాం. పందెపు గిత్త తిండి వేరు, సేవ వేరు. నిమిషాలు లెక్కపెట్టి బండ లాగిస్తారు. దాన్ని తెచ్చి ఎవరూ దుక్కికి కట్టరు. 2011లో ఏఎండీ ఎఫ్ఎక్స్ ప్రాసెసరును ద్రవ హీలియంతో చల్లబరిచి 8.429 గిగాహెర్ట్జులకు లాగారు. చూడముచ్చటైన పందెం. ఆ పందేన్ని చూపించి, ఇంటి గొడ్డును కూడా అలాగే పొడిచి తోలమని చెప్పేవాడితోనే నాకు పేచీ.

వేగం వద్దని నేననడం లేదు. మన ఎండకు తగిన విద్య వేరే ఉందంటున్నాను. అది ఓల్టేజి తగ్గించడం. 1.2 ఓల్టుల దగ్గర నడిచే ముక్క అదే వేగంతో 1.1 దగ్గర నిలకడగా నడిస్తే వేడి పదహారు శాతం తగ్గుతుంది. చల్లబడ్డ ముక్క తన బూస్టును ఎక్కువసేపు నిలుపుకుంటుంది. ‘ఊరికే’ అన్న మాట దీనికి చెల్లుతుంది. ముక్క ముక్కకూ తేడా ఉంటుంది కనుక కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, పరీక్ష మాత్రం మధ్యాహ్నం పూట పెట్టుకోవాలి. తెర సెకనుకు అరవై చిత్రాలే చూపగలిగినప్పుడు కార్డు చేత నూట ఇరవై గీయించడం కూడా వృథా కరెంటు, వృథా వేడి. అరవైకి కట్టేయాలి.

మా మేనల్లుడికి చెప్పిన వరస ఇది. మొదటి ఖర్చు ఇంటికి ఎర్తు: బొగ్గు, ఉప్పు, పైపు, ఒక పూట పని. రెండోది పేరున్న ఎస్‌ఎంపీఎస్. 80 ప్లస్ ముద్ర చూసి సంబరపడిపోవద్దు. ఆ పరీక్ష జరిగేది సుమారు 23 డిగ్రీల గదిలో. కనుక ఎంత వేడి దగ్గర అన్ని వాట్లు ఇస్తుందో డబ్బా మీద చదవాలి, అవసరానికి మించి వాట్లు ఉంచుకోవాలి. మూడోది గాలి ఆడే క్యాబినెట్టు, నేల మీద కాక బల్ల మీద. ప్రాసెసరు, కార్డు, మిగిలిన డబ్బుతో. నెలకొకసారి ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, పెయింటు బ్రష్షుతో పీచు తీయాలి. పత్తి పోసిన గదిలో అసలు పెట్టకూడదు. లెక్కలేమైనా అందులో వ్రాస్తే రెండో చోట ఒక ప్రతి, మూడో చోట కాగితం.

వాడు కాసేపు మాట్లాడలేదు. "ఎర్తుకి కూడా నా డబ్బేనా మామయ్యా?" అన్నాడు చివరికి. అది ఇంటి ఖర్చులో పడేట్టు మీ నాన్నతో నేను మాట్లాడతానన్నాను, మాట్లాడాను. బావ గొయ్యి తవ్వించారు. మే నెల దాటింది, పెట్టె నడుస్తూనే ఉంది, క్యాబినెట్టు జిల్లుమనడం లేదు.

నా మాట తప్పనేవారు ఉంటారు, ఉండాలి కూడా. వారికి ఒకటే మనవి. వాదానికి ముందు, మే నెలలో ఒక మధ్యాహ్నం, మీ ఓవర్‌క్లాక్ చేసిన పెట్టెను తీసుకుని మా ఊరు రండి. ముందుగదిలో ప్లగ్గు ఉంది. చల్లటి మజ్జిగ మేమిస్తాం. అది మీకు, మీ పెట్టెకు కాదు.