పాపం ఏఎస్/400దా, మనదా?

"అంతా ఆ ముసలి డబ్బా వల్లేనండీ!" ఈ మాట మన వాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఫోన్లో "బ్యాలెన్సు కోసం ఒకటి నొక్కండి" అనే ఐవీఆర్ నత్తనడక నడిచినా, తప్పు చెప్పినా, తిట్లు మాత్రం వెనకున్న ఏఎస్/400కే. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

1988లో ఐబీఎం తెచ్చిన ఈ మెషీను, పేర్లు మార్చుకుంటూ ఇవాళ పవర్ సర్వర్ల మీద 'ఐబీఎం ఐ'గా నడుస్తూనే ఉంది. అసలు గొడవ దానికి ఐవీఆర్ని తగిలించే పద్ధతిలో ఉంది.

నేను చూసిన ఒక ప్రాజెక్టు సంగతి చెప్తా. ఐవీఆర్ 5250 టెర్మినల్ వేషం వేసుకుని లాగిన్ అవుతుంది. ఖాతా నంబరు కొడుతుంది. 24 వరసల తెరమీద ఫలానా వరసలో ఉన్న అంకెల్ని తెచ్చి చదువుతుంది. అంటే గుమాస్తా కుర్చీలో మరబొమ్మని కూర్చోబెట్టారన్నమాట!

ఒకరోజు ఆర్పీజీ ప్రోగ్రామరు ఎవరో అడిగారని తెర పైభాగంలో ఒక లైను చేర్చాడు. కిందవన్నీ ఒక వరస దిగాయి. మర్నాడు ఐవీఆర్ "మీరు కట్టవలసిన బాకీ" అంటూ పోయిన నెల కట్టిన మొత్తం చదివింది. బాకీ ఎప్పుడో తీరిపోయిన ఒక పెద్దాయన అది నమ్మి మళ్ళీ కట్టేశాడు. మెమో ఎవరికి? ఆర్పీజీ ఆయనకి! తన తెరని ఐవీఆర్ చదువుతోందనే ఆయనకి ఎవరూ చెప్పలేదు.

వేరే దారి లేకనా? డేటా క్యూలున్నాయి కదా. ఖాతా నంబరు క్యూలో వేస్తే, అక్కడే కాచుకున్న ఆర్పీజీ ప్రోగ్రాం తీసుకుని జవాబు ఇంకో క్యూలో పెడుతుంది. కాల్‌కో కీ ఇస్తే ఒకరి జవాబు ఇంకొకరికి పోదు. లేదంటే ఉన్న ప్రోగ్రాంనే స్టోర్డ్ ప్రొసీజరుగా పిలవొచ్చు. ఎబ్సిడిక్ మార్పిడి ఐబీఎం జావా టూల్‌బాక్సే చూసుకుంటుంది.

"సోర్సు లేని పాత ప్యాకేజీ అయితేనో?" అంటారా, అప్పుడు తెర చదవక తప్పదు, ఒప్పుకుంటా. కనీసం అంకె పక్కనున్న లేబుల్ సరిచూడండి. తేడా వస్తే నోరు మూసుకుని కాల్ మనిషికి ఇవ్వండి. అదీ చెయ్యకుండా డబ్బాని తిట్టడమేంటి?

గుమాస్తాకి తెర కనిపిస్తుంది, తప్పుంటే పట్టేస్తాడు. ఫోన్ చేసినవాడికి వినిపించిందే నిజం. అతనికి ముసలిదీ కొత్తదీ తేడా తెలీదు, జేబులోంచి పోయిన డబ్బు తెలుస్తుంది. కాదంటారా?