జేసీబీ దిగాక కాదు, దిగకముందే

మనవాళ్ళు హైదరాబాదులో ఫ్లాటో, ప్లాటో కొనేటప్పుడు ఎన్ని చూస్తారో ఓసారి లెక్కెయ్యండి. లింకు డాక్యుమెంట్లు, ముప్ఫయ్యేళ్ళ ఈసీ, రెరా నంబరు, బ్యాంకువాడి లీగల్ ఒపీనియను. 2024లో హైడ్రా వచ్చిన దగ్గర్నుంచీ చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు కూడా. ఇవన్నీ అయ్యాక వాస్తు ఎలాగూ ఉంది. అటు బిల్డరు కూడా తక్కువ తినలేదు. నేలకి బోర్లు వేయించి మట్టి పరీక్ష చేయిస్తాడు, గట్టి రాయి ఎన్ని మీటర్ల కింద తగుల్తుందో చూసుకున్నాకే పునాది డిజైను చేయిస్తాడు.

ఇంతమంది ఇన్నిసార్లు చూసిన ఆ నేలలో రెండు మూడువేల ఏళ్ళ కిందటి మనుషుల ఆనవాళ్ళేమైనా ఉన్నాయా అని మాత్రం ఒక్కడూ చూడడు. చూశావా అని అడిగేవాడు కూడా లేడు.

నేను చెప్పదల్చుకున్నది సూటిగా ముందే చెప్పేస్తాను. పెద్ద లేఅవుట్లు, టవర్లు, ఐటీ పార్కులు, రోడ్లు - వీటికి అనుమతి ఇచ్చే ముందే ఆ స్థలంలో పురావస్తు తనిఖీ తప్పనిసరి చెయ్యాలి. ఖర్చు కట్టేవాడే పెట్టుకోవాలి. తనిఖీ చేసేవాణ్ణి మాత్రం కట్టేవాడు ఎంచుకోకూడదు. ఇంతే.

"గచ్చిబౌలిలో పురావస్తువులేంటండీ, నిన్నమొన్నటిదాకా అక్కడ రాళ్ళూ రప్పలూ తప్ప ఏముంది" అని నవ్వేవాళ్ళుంటారు. హైదరాబాదు చరిత్ర అంటే 1591, చార్మినారు, కులీ కుతుబ్‌షా - అంతకు ముందంతా ఖాళీ అనుకునే అలవాటు మనది. కానీ ఆ రాళ్ళూ రప్పల్లోనే ఉంది అసలు సంగతి. ఇనుము వాడకం నేర్చినవాళ్ళు తమవాళ్ళని పూడ్చిపెట్టి, చుట్టూ గుండ్రంగా బండరాళ్ళు పేర్చిన సమాధులు ఈ నేల నిండా ఉండేవి. ఊళ్ళలో కొన్నిచోట్ల వీటినే రాకాసి గుళ్ళు అంటారు. అంతంత రాళ్ళు ఎత్తాలంటే రాక్షసులే అయ్యుండాలని జనం నమ్మకం. నిజాం కాలంలోనే మౌలాలి దగ్గర ఇలాంటివి తవ్వారు. హైదరాబాదు చుట్టుపక్కల సమాధుల మీద హంట్ అనే ఆయన 1924లో లండన్ పత్రికలో పెద్ద వ్యాసమే రాశాడు. అదే గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో కూడా ఈ కాలపు సమాధులు బయటపడ్డాయి.

2025 వసంతంలో ఆ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ మనందరికీ గుర్తే. బుల్డోజర్లు దిగాయి, చెట్లు పడ్డాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. చెట్ల గురించీ, నెమళ్ళ గురించీ, జింకల గురించీ దేశమంతా మాట్లాడింది. మాట్లాడాల్సిందే. కానీ పక్క ఆవరణలోనే ఇనపయుగపు సమాధులు దొరికాయి కదా, మరి ఈ నేల కింద ఏముందో ఎవరన్నా చూశారా అన్న ప్రశ్న ఆ హోరులో దాదాపు వినపడనే లేదు. చెట్టు పడితే మళ్ళీ నాటొచ్చు, నలభై ఏళ్ళకి ఏదో ఒక నీడ వస్తుంది. సమాధి మీదుగా జేసీబీ పోయిందంటే ఇక అంతే. దాన్ని ఏ బ్యాకప్ నుంచీ రిస్టోర్ చెయ్యలేం.

"దీనికి చట్టాలున్నాయి కదా" అంటారా? ఉన్నాయి. ఎలా ఉన్నాయో చూద్దాం.

ఒకటి, 1958 నాటి పురాతన కట్టడాల చట్టం. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి కావాలి. బావుంది. కానీ ఇది జాబితాలో ఉన్నవాటికి. దేశం మొత్తమ్మీద కేంద్రం జాబితాలో ఉన్నవి 3,700కి అటూ ఇటూ. రాష్ట్రాల జాబితాలు వేరే. నేల కింద ఉండి ఇంకా ఎవరి కంటా పడనిది ఏ జాబితాలోకి ఎక్కుతుంది? తెలిసిన బగ్గులకి మాత్రమే టెస్టు కేసులు రాసుకుని, అన్నీ పాసయ్యాయని రిలీజు చేసినట్టుంది ఈ వ్యవహారం.

రెండు, 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషను. 20,000 చదరపు మీటర్లు దాటే నిర్మాణాలకి అందులో ఫారం 1ఏ అని ఒకటి పెట్టారు. దాంట్లో ఒక ప్రశ్న ఉంది: దగ్గర్లో పురావస్తు స్థలాలు గానీ, అవశేషాలు గానీ ఉన్నాయా? మంచి ప్రశ్నే. జవాబు రాసేదెవరు? ప్రాజెక్టు కట్టేవాడు, వాడు డబ్బులిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటు. కోడు రాసినవాడే టెస్టరు, వాడే క్యూఏ సైనాఫ్. అలాంటప్పుడు "లేవు" అని తప్ప ఇంకేం రాస్తాడు? పైగా నేల తవ్వి చూడకుండా "ఉన్నాయి" అని ఎలా తెలుస్తుంది?

మూడోది ఇంకా బావుంటుంది. 1878 నాటి నిధుల చట్టం. భూమిలో పది రూపాయల విలువ దాటినదేదైనా దొరికితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. పది రూపాయలు! విక్టోరియా రాణి నాటి ఆ పది రూపాయలే, మన ఇరానీ చాయ్‌కి కూడా చాలని పది రూపాయలే. ఇది కూడా వస్తువు దొరికాక సంగతే, దొరక్కముందు సంగతి కాదు. రాత్రి షిఫ్టులో గుంత తవ్వే కూలీకి కుండ తగిలితే మేస్త్రీ కలెక్టరాఫీసుకి వెళ్ళి అర్జీ పెడతాడా, పని ఆగుతుందని మట్టి కప్పేస్తాడా? గుప్తనిధులని ఆశపడి పగలగొట్టేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ముందు చూడకపోతే ఏమవుతుందో తెలియడానికి మనకి పరాయి ఉదాహరణలు అవసరం లేదు. తెలుగు లిపి పుట్టుక గురించి ఎవరు మాట్లాడినా భట్టిప్రోలు పేరు ఎత్తకుండా ఉండరు. ఆ భట్టిప్రోలు స్తూపాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో పీకి, ఆ సరుకు రోడ్లకి వేసేశారు. చలువరాళ్ళు వెల్లటూరు దగ్గర కాలువ తూముకి పోయాయి. అదీ అభివృద్ధి పనే మరి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వేసరికి అడుగున మిగిలిన శాసనాల ధాతుపేటికలు దొరికాయి కాబట్టి ఆ మాత్రం చరిత్ర మనకి దక్కింది. కాంట్రాక్టరు ఇంకాస్త లోతుకి పోయుంటే? పోలేదు, మన అదృష్టం. ఒక జాతి తన అక్షరం చరిత్రని కాంట్రాక్టరు ఎంత లోతు తవ్వాడన్నదాని మీద వదిలెయ్యడం నాకైతే మింగుడు పడదు.

అమరావతి కథా అంతే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కాలంలో కొత్త ఊరి కోసం దిబ్బ తవ్వి ఇటుకలూ రాళ్ళూ తీసుకున్నారు. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే తవ్వకం సాగుతోంది. శిల్పాలు సున్నం బట్టీల పాలయ్యాయి. మిగిలినవాటిలో చాలావరకు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనకాల వాటిని చూసి "మనవి మనకి ఇచ్చెయ్యాలి" అని ఆవేశపడేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. న్యాయమే. కానీ తెల్లవాడు తీసుకుపోయినవి కనీసం కనపడుతున్నాయి, సున్నం అయిపోయినవి ఎవర్ని అడుగుదాం?

"అయితే అభివృద్ధి మానేసి రాళ్ళు చూసుకుంటూ కూచోమంటావా" - ఇది ఎప్పుడూ వచ్చే మాట. దానికి జవాబు నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునగబోతోందని తెలుసు కాబట్టి ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు అంతకు ముందే, 1954లోనే మొదలయ్యాయి, 1960 దాకా సాగాయి. వందకి పైగా చోట్ల తవ్వారు. పాత రాతియుగం నుంచి మధ్యయుగాల దాకా, ఇక్ష్వాకుల విజయపురితో సహా, ఒక లోయ చరిత్ర మొత్తం రికార్డు చేశారు. కొన్ని కట్టడాల్ని విప్పి కొండ మీదా, అనుపులోనూ మళ్ళీ కట్టారు. డ్యామూ పూర్తయింది, పొలాలకి నీళ్ళూ వచ్చాయి. లోయ మునిగింది నిజమే, నష్టం లేదని నేననను. కానీ ఏం పోగొట్టుకుంటున్నామో తెలిసి పోగొట్టుకున్నాం. కంప్యూటర్లు లేని రోజుల్లో, డబ్బుల్లేని దేశం చేసిన పని ఇది. శాటిలైట్ చిత్రాలూ, డ్రోన్లూ, భూమిలోకి చూసే రాడార్లూ ఉన్న మనకి చేతకాదా?

తొట్లకొండ ఇంకో సాక్ష్యం. విశాఖ తీరంలో నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే అది కంటబడింది. 1988 నుంచి తవ్వితే బౌద్ధారామం బయటికొచ్చింది. దాంతో దేశ రక్షణ ఏమన్నా ఆగిపోయిందా? లేదే! ముందుగా చూశారు కాబట్టి ఏ గొడవా లేకుండా తేలిపోయింది.

ఇహ ఇంగ్లండు సంగతి, మనవాళ్ళు ఆన్‌సైట్‌కి బోలెడంతమంది వెళ్ళే దేశం కాబట్టి. 1989లో లండన్‌లో ఆఫీసు బిల్డింగు కోసం తవ్వుతుంటే షేక్స్‌పియర్ నాటకాలాడిన రోజ్ థియేటరు పునాదులు బయటపడ్డాయి. పెద్ద రభస. నటులు రోడ్డెక్కారు, బిల్డరు డిజైను మార్చుకోవాల్సొచ్చింది. ఆ దెబ్బతో 1990లో ప్రభుత్వం కొత్త మార్గదర్శకం తెచ్చింది: అనుమతి ఇచ్చే ముందే చూడు, ఖర్చు కట్టేవాడిది. ముందు పాత మ్యాపులూ రికార్డులూ తిరగేస్తారు. అనుమానం ఉంటే మచ్చుకి కందకాలు తవ్వి చూస్తారు. ఏమీ లేకపోతే పని మొదలు. ఉంటే పునాది పక్కకి జరుపుతారు, అది కుదరకపోతే తవ్వి, రికార్డు చేసి, ఆపైన కట్టుకుంటారు.

లండన్ నడిబొడ్డున బ్లూంబర్గ్ ఆఫీసు కట్టేటప్పుడు ఇలాగే 400కి పైగా రోమన్ల చెక్క పలకలు దొరికాయి. అందులో ఒకటి క్రీ.శ. 57 జనవరి 8 నాటి అప్పుపత్రం, 105 దినారీలకి. బిల్డింగు ఆగలేదు సరికదా, అక్కడి రోమన్ గుడిని బేస్‌మెంటులో ప్రదర్శనకి పెట్టి ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నారు. క్రాస్‌రైల్ కోసమైతే లివర్‌పూల్ స్ట్రీటు దగ్గర 3,000కి పైగా అస్థిపంజరాలు తీశారు. ఆ లైను 2018లో రావాల్సింది 2022లో వచ్చింది. ఎందుకో తెలుసా? ఎముకల వల్ల కాదు. స్టేషన్ల పనులు, సిగ్నలింగ్ సాఫ్ట్‌వేర్ ఇంటిగ్రేషను! పురావస్తువులవాళ్ళు తమ పని చేసుకుని వెళ్ళిపోయారు, పరువు పోయింది మన వృత్తివాళ్ళది.

ఇప్పుడు గట్టి అభ్యంతరానికి వద్దాం. "ఇంకో ఎన్‌వోసీ, ఇంకో టేబులు, ఇంకో చెయ్యి తడపడం. మన దేశంలో జరిగేది ఇదే." ఈ మాట నేను కొట్టిపారెయ్యను. అందుకే వ్యవస్థ ఎలా ఉండాలో కూడా చెప్పాలి. సొంత ఇల్లు కట్టుకునేవాణ్ణి దీంట్లోకి లాగొద్దు. 20,000 చదరపు మీటర్ల గీత ఎలాగూ ఉంది, దానికీ పెద్ద లేఅవుట్లకీ పెడితే చాలు. ఎక్కడెక్కడ ఆనవాళ్ళకి అవకాశముందో చూపే మ్యాపు, చెరువుల మ్యాపులాగే, అందరికీ కనపడేలా ఆన్‌లైన్లో ఉండాలి. తనిఖీదారు యూనివర్సిటీల నుంచీ, పురావస్తు శాఖ నుంచీ తీసిన జాబితాలోంచి లాటరీలో రావాలి. రిపోర్టు బయట పెట్టాలి. గడువు ఉండాలి. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంలో 21 రోజుల్లో జవాబు రాకపోతే ఆమోదించినట్టే అన్నారు కదా, దీనికీ అలాంటి గడువే పెట్టండి. ఏదైనా దొరికి స్థలం వదులుకోవాల్సొస్తే, రోడ్డు విస్తరణకి ఇస్తున్నట్టే టీడీఆర్ ఇవ్వండి. దొరికితే నష్టం అన్న భయం పోతేనే మనిషి నిజం చెప్తాడు.

ఇంకో భయం కూడా ఉంది, పైకి అనరు గానీ. ఏదన్నా బయటపడితే అది గుడా, మసీదా, మీదా, మాదా అని కొట్లాట మొదలవుతుందని. నిజమే. కానీ కొట్లాటకి దారి తీసేది ఏది? అర్ధరాత్రి జేసీబీకి తగిలి, పొద్దున్నకల్లా వాట్సాప్‌లో పదిరకాల కథలుగా మారేది. కందకంలో ఏ పొరలో ఏం దొరికిందో ఫొటోతో, కొలతతో రాసిపెట్టిన కాగితం ఉంటే పుకారుకి అంత చోటుండదు.

చివరిగా మన మాట. ఈ నగరంలో ఆ టవర్లు ఎవరికోసం లేస్తున్నాయి? మన కంపెనీలు అద్దెకి తీసుకోవడానికి, మనం ఈఎంఐలు కట్టడానికి. 2004లో హైటెక్ సిటీ పక్కనే గ్రీన్ బిజినెస్ సెంటర్ వచ్చినప్పుడు గ్రీన్ రేటింగు తప్పనిసరి అని ఏ చట్టమూ చెప్పలేదు. అద్దెకొచ్చే కంపెనీలు అడగడం మొదలెట్టాయి, బిల్డర్లు చేయడం మొదలెట్టారు. ఇవాళ ఆ రేటింగు లేని ఆఫీసు బిల్డింగుని బ్రోషరులో చూపించడానికే సిగ్గుపడతారు. దీనికీ అదే దారి. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీ కంపెనీ కొత్త క్యాంపస్ గురించి టౌన్‌హాల్ పెడితే చెయ్యెత్తి అడగండి. ఫ్లాటు బుక్ చేసే ముందు సేల్స్ కుర్రాణ్ణి అడగండి: "తవ్వకముందు కింద ఏముందో చూశారా?"

మొదటిసారి అడిగితే వాడు తెల్లమొహం వేస్తాడు. వందమంది అడిగితే వాడి మేనేజరు కనుక్కుంటాడు. మట్టి పరీక్షకి బోరు వేసే రోజే ఇంకో నాలుగు కందకాలు తవ్వించడం వాళ్ళకి లెక్కలోది కాదు. అడిగేవాడు లేకే ఇన్నాళ్ళూ తవ్వలేదు.