గ్రాఫ్ స్క్రీన్‌షాట్లు వద్దు, కొలత వరుసలు పంచుకుందాం



పోస్ట్ కొంచెం పెద్దది. డిప్లొమా, బీటెక్‌లో ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ చదివేవాళ్లు మొత్తం చదవండి. మిగతావాళ్లు కనీసం చివరి భాగం చదవండి, అది అందరికీ సంబంధించిన మాట.

ల్యాబ్ ఎగ్జామ్స్ దగ్గరికొస్తే చాలు, మన గ్రూపుల్లో ఒకటే మెసేజ్. "అన్నా, సిమ్యులేషన్ రికార్డు ఎవరి దగ్గరన్నా ఉందా?" ఐదు నిమిషాల్లో పీడీఎఫ్ వస్తది. అందులో సర్క్యూట్ బొమ్మ, గ్రాఫ్ స్క్రీన్‌షాట్, కింద ఒక టేబుల్. మనం దాన్ని చూసి రాసి సంతకం పెట్టించుకుంటాం. పంపిన అన్న సాయం చేద్దామనే పంపాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ పీడీఎఫ్ వల్ల మనకి మేలు కంటే నష్టమే ఎక్కువని నా అభిప్రాయం. పంచుకోవాల్సింది గ్రాఫ్ కాదు. ఆ గ్రాఫ్ మీద అంకె ఎక్కడ నుంచి, ఎట్లా తీశారో చెప్పే రెండు మూడు వరుసలు.

ఎందుకంటే వైవాలో గానీ, రేపు ఇంటర్వ్యూలో గానీ "నీకు ఎంత వచ్చింది?" అని అడిగి వదిలేయరు. "ఎట్లా కొలిచావు?" అంటారు. ఆ ప్రశ్న దగ్గరే మనవాళ్లు చాలామంది ఆగిపోతున్నారు. సర్క్యూట్ గీయడం వస్తది, రన్ బటన్ నొక్కడం వస్తది. కొలత పెట్టడం రాదు. ఎవరూ నేర్పలేదు కాబట్టి రాదు.

కొలత పెట్టడం అంటే ఏంది? మనకి తెలిసిన గోదావరి లెక్కతోనే చెప్తాను.

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది, అందరికీ గుర్తుంది. ఇప్పుడు ఎవరైనా "గోదావరి 43 అడుగులకు ఎప్పుడు వచ్చింది?" అని అడిగితే ఒక్క జవాబు ఉండదు. ఎక్కేటప్పుడు ఒకసారి 43 దాటుతుంది, తగ్గేటప్పుడు ఇంకోసారి దాటుతుంది. మొదటిసారి హెచ్చరిక ఇస్తారు, రెండోసారి ఎత్తేస్తారు. అంకె ఒకటే, అర్థం పూర్తిగా వేరు. ఇంకోటి, ఆ 43 అడుగులు భద్రాచలం కొలబద్ద మీద ఉన్న సున్నా నుంచి లెక్క. దాన్ని తీసుకొచ్చి మన వైరా రిజర్వాయర్ కొలబద్ద మీద అడుగులతో పోలిస్తే అర్థం లేదు.

సిమ్యులేషన్‌లో సిగ్నల్ కొలత కూడా ఇంతే. నాలుగు సంగతులు తేల్చాలి. ఏ పాయింటు నుంచి ఏ పాయింటుకి కొలుస్తున్నాం, అంటే గ్రౌండ్ ఎక్కడ. ఏ సమయం నుంచి ఏ సమయం వరకు. ఏ రకం అంకె కావాలి, గరిష్ఠమా, కనిష్ఠమా, సగటా, ఆర్ఎంఎసా. ఒక స్థాయిని దాటే సమయం కావాలంటే ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా. స్పైస్ రకం సాఫ్ట్‌వేర్లలో దీనికి ‘మెజర్’ అనే ఆదేశం ఉంది. సర్క్యూట్ ఫైల్‌లో ఒక్క వరుస రాస్తే రన్ అయిపోగానే అంకె బయటకొస్తది. కర్సర్ పట్టుకుని గ్రాఫ్ మీద వెతుక్కునే పని లేదు.

మనందరి సిలబస్‌లో ఉండే బ్రిడ్జ్ రెక్టిఫైయర్‌తో చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ 12 వోల్టులు, ఫిల్టర్ కెపాసిటర్ 1000 మైక్రోఫారడ్లు, లోడ్ 100 ఓమ్‌లు. 12 వోల్టుల ఆర్ఎంఎస్ అంటే శిఖరం దాదాపు 17. రెండు డయోడ్లలో ఒకటిన్నర వోల్టు పోతే దాదాపు పదిహేనున్నర మిగులుద్ది. లోడ్‌లో కరెంటు సుమారు 150 మిల్లీఆంపియర్లు. రిపుల్ సెకనుకు 100 సార్లు వస్తది. కరెంటును 100తో, కెపాసిటర్ విలువతో భాగిస్తే ఒకటిన్నర వోల్టు. ఈ లెక్క కొంచెం ఎక్కువే చూపిస్తది, కాబట్టి అసలు రిపుల్ అంతకు లోపలే ఉండాలి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో 200 మిల్లీసెకన్లు రన్ చేసి, "అవుట్‌పుట్ గరిష్ఠం నుంచి కనిష్ఠానికి తేడా ఎంత?" అని మాత్రమే అడగండి. 15 వోల్టుల పైన చూపిస్తది. సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పలేదు. మొదలుపెట్టినప్పుడు కెపాసిటర్ ఖాళీ, అవుట్‌పుట్ సున్నా. ఆ సున్నాని కూడా లెక్కలోకి తీసుకుంది. అదే "100 నుంచి 200 మిల్లీసెకన్ల మధ్య" అని ఒక్క మాట చేర్చండి. అసలు రిపుల్ వస్తది. సర్క్యూట్ అదే, గ్రాఫ్ అదే, కొలిచిన కిటికీ మారింది. పీడీఎఫ్‌లోని స్క్రీన్‌షాట్ చూస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

కిటికీ వెడల్పు కూడా ముఖ్యమే. 230 వోల్టుల కరెంటు తరంగం సగటు ఎంత? సున్నా. పైన ఎంతో కింద అంత. ఒక పూర్తి తరంగం 20 మిల్లీసెకన్లు కాబట్టి 0 నుంచి 20 వరకు సగటు అడిగితే సున్నానే వస్తది. 0 నుంచి 30 వరకు అడిగితే 69 వోల్టులు వస్తది. పై సగం రెండుసార్లు, కింది సగం ఒక్కసారి లెక్కలోకి వచ్చాయి మరి. అందుకే సగటు తీసేటప్పుడు పూర్తి తరంగాలే తీసుకోవాలి.

ఇంకోటి టైమ్ స్టెప్. సాఫ్ట్‌వేర్ తరంగాన్ని మొత్తం గీయదు, కొన్ని బిందువులు లెక్కగట్టి కలుపుతుంది. మనం గట్టిగా చెప్పకపోతే పెద్ద అంగలు వేసే అవకాశం ఉంది. అప్పుడు శిఖరం మీద బిందువు పడదు, గరిష్ఠం తక్కువ వస్తది. 20 మిల్లీసెకన్ల తరంగానికి గరిష్ఠ స్టెప్ 0.1 మిల్లీసెకను పెడితే కనీసం 200 బిందువులు వస్తాయి. సరిపోయిందో లేదో తెలుసుకోవాలంటే స్టెప్‌ని సగం చేసి మళ్లీ రన్ చేయాలి. అంకె కదలకపోతే నమ్మొచ్చు. కదిలితే ఇంకా తగ్గించాలి.

ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. 100 రెట్లు పెంచే యాంప్లిఫయర్‌కి ఏసీ అనాలిసిస్‌లో 1 వోల్టు ఇన్‌పుట్ ఇస్తే అవుట్‌పుట్ 100 వోల్టులు అని చూపిస్తది. సప్లై 12 వోల్టులే అయినా సరే. ఆ అనాలిసిస్ సర్క్యూట్‌ని చిన్న సిగ్నల్‌కి సరళ రేఖగా అనుకుని లెక్కగడుతుంది, శిఖరాలు కత్తిరించుకుపోవడం అందులో కనపడదు. అది చూడాలంటే ట్రాన్సియెంట్ అనాలిసిస్ చేయాలి. ఏ ప్రశ్నకి ఏ అనాలిసిస్ అన్నది కూడా కొలతలో భాగమే.

ఒక కొలతను ఇంకో కొలతతో సరిచూసుకోవచ్చు. 1 కిలోఓమ్, 0.1 మైక్రోఫారడ్‌తో లో పాస్ ఫిల్టర్ పెట్టండి. మైనస్ 3 డెసిబెల్స్ దగ్గర ఫ్రీక్వెన్సీ సుమారు 1592 హెర్ట్జ్ రావాలి. అదే ఫిల్టర్‌కి స్క్వేర్ వేవ్ ఇచ్చి 10 శాతం నుంచి 90 శాతానికి ఎక్కే సమయం కొలవండి. 0.22 మిల్లీసెకన్లు రావాలి. రెండింటినీ గుణిస్తే 0.35. ఎవరూ చెప్పక్కర్లేదు, మన అంకె సరైనదో కాదో మనకే తెలిసిపోతది. ఇంట్లో అడగడానికి ఎవరూ లేని మనలాంటి వాళ్లకి ఇంతకంటే పెద్ద అండ ఏముంటది?

అసలు నేను ఈ పోస్ట్ రాయడానికి కారణం ఇప్పుడు చెప్తాను. పైన చెప్పిన రెక్టిఫైయర్ తర్వాత 7812 రెగ్యులేటర్ పెట్టాం అనుకోండి. అది 12 వోల్టులు నిలకడగా ఇవ్వాలంటే లోపలికి 14 వోల్టుల దాకా వస్తుండాలి. ఇక్కడ సగటు చూస్తే మోసపోతాం. చూడాల్సింది కనిష్ఠం, రిపుల్ అట్టడుగు. అది 14 దగ్గర కొస మీద ఉంటది. ఇది కూడా పుస్తకం ప్రకారం లైన్లో 230 వోల్టులు ఉన్నప్పటి మాట. లైను చివర ఉన్న మన తండాలో, గూడెంలో సాయంత్రం మోటార్లన్నీ నడిచేటప్పుడు 200కి పడిపోయిందనుకోండి. సెకండరీ పదిన్నర లోపు, డయోడ్లు పోను శిఖరమే 13 చిల్లర. రెగ్యులేటర్ ఇక చేతులెత్తేస్తది.

రికార్డు పీడీఎఫ్ ఈ ప్రశ్న అడగదు. అది రాసినాయనకి ఆ అవసరం రాలేదు. బల్బు మసకబారడం, మోటారు మూలగడం చూసి పెరిగింది మనం. పుస్తకంలో 230 అని ఉంటది, మన ఇంట్లో ఎంత ఉంటదో మనకే తెలుసు. ఇన్‌పుట్‌లో ఒక అంకె మార్చి, కనిష్ఠం కొలిచే ఒక వరుస రాస్తే మన ఊరి సమస్య మన స్క్రీన్ మీద ఉంటది. కొలత మనం పెట్టుకోకపోతే ఎవరో పెట్టిన ప్రశ్నకి వచ్చిన జవాబునే జీవితమంతా కాపీ కొడుతూ ఉంటాం.

కొందరు అన్నలు అంటారు, "సాఫ్ట్‌వేర్‌లో చేసింది ల్యాబే కాదు, అసలు కిట్ మీద చేయాలి" అని. అందులో నిజం ఉంది. సిమ్యులేషన్‌లో కెపాసిటర్ కచ్చితంగా 1000 మైక్రోఫారడ్లే ఉంటది. దుకాణంలో కొన్న ఎలక్ట్రోలైటిక్ 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. సిమ్యులేషన్‌లో వోల్టేజీ ప్రోబ్ అసలు కరెంటు తీసుకోదు. సీఆర్వో ఇన్‌పుట్ మాత్రం దాదాపు 1 మెగాఓమ్‌గా సర్క్యూట్ మీద పడుతుంది. కాబట్టి కిట్లు కావాలి, సీఆర్వో ముందు సమయం కావాలి, అవి అడగాల్సిందే. కానీ ఒక్క సీఆర్వో చుట్టూ పదిమంది నిలబడే చోట మన వంతు ఐదు నిమిషాలు. ఏం కొలవాలో ముందే తేల్చుకుని పోతే ఆ ఐదు నిమిషాలు పనికొస్తాయి. లేకపోతే నాబ్‌లు తిప్పడంతోనే అయిపోతాయి. కెపాసిటర్‌ని 800, 1200 పెట్టి రెండుసార్లు రన్ చేసి పోతే కిట్ మీద వచ్చిన తేడా చూసి భయపడం కూడా.

"ఇంగ్లీష్ రాదు కదా" అనే మాట కూడా వింటున్నాను. ఇంట్లో కోయ భాషో, గోర్ బోలీనో, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీష్. మూడో భాషలో చదువుతున్నాం, కష్టమే. కానీ ఈ ఆదేశాల్లో వాడే మాటలు ఇరవై కూడా ఉండవు. వారం రోజుల్లో వచ్చేస్తాయి.

డబ్బు సంగతికొస్తే, స్పైస్ 1970లలో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టింది. 1973లో బయటపెట్టారు, అప్పట్నుంచీ దాన్ని అందరికీ పంచుతూ వచ్చారు. దాని వారసుడు ఎన్‌జీస్పైస్ ఈరోజుకీ ఉచితం. ఐఐటీ బాంబే వాళ్ల ఫాసీ ప్రాజెక్టు తయారుచేసిన ఈసిమ్ లోపల నడిచేది ఆ ఎన్‌జీస్పైసే, అదీ ఉచితమే. ఎల్‌టీస్పైస్ కూడా డబ్బు లేకుండానే దొరుకుద్ది. ఎన్‌జీస్పైస్‌కి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు, హాస్టల్ మూలన ఉన్న పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తది. పైగా సర్క్యూట్ మొత్తం పది పదిహేను వరుసల అక్షరాలే. వాట్సాప్‌లో మామూలు మెసేజ్‌లా పంపొచ్చు. అవతలివాళ్లు కాపీ చేసి రన్ చేస్తే అదే అంకె రావాలి. రాకపోతే ఎక్కడ తేడా ఉందో ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. స్క్రీన్‌షాట్‌తో ఈ మాటే కుదరదు.

అందుకే గ్రూపు ముందు మూడు మాటలు పెడుతున్నాను.

ఒకటి. సీనియర్ అన్నలు, అక్కలు పీడీఎఫ్ బదులు సర్క్యూట్ వరుసలు, కొలత వరుసలు పంపండి. కింద ఒక్క వాక్యం రాయండి, ఈ కిటికీ ఎందుకు పెట్టారో, ఈ స్టెప్ ఎందుకు పెట్టారో.

రెండు. రన్ నొక్కే ముందు కాగితం మీద సుమారు జవాబు రాసుకోవడం అలవాటు చేసుకుందాం. అంచనా లేకుండా వచ్చిన అంకె ఒప్పో తప్పో మనకి తెలియదు.

మూడు, ఇది అందరికీ. ఏ కోర్సు వాళ్లమైనా మన హాస్టల్ కంప్యూటర్లలో చదువుకి పనికొచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టమని వార్డెన్‌ని, ఐటీడీఏ ఆఫీసుని కలిసి రాతపూర్వకంగా అడుగుదాం. ఒక్కొక్కరం పోతే "చూద్దాంలే" అంటారు, అందరి సంతకాలతో పోదాం. ఇందులో నిధుల ప్రశ్న లేదు, కొనాల్సింది ఏమీ లేదు. కంప్యూటర్ గది తాళం తీసి ఉంచితే చాలు.

ఎలక్ట్రానిక్స్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని. పై రెక్టిఫైయర్‌లో లోడ్‌ని 100 నుంచి 50 ఓమ్‌లు చేస్తే రిపుల్ ఎంత అవుద్దో ముందు కాగితం మీద లెక్కగట్టండి. తర్వాత రన్ చేయండి. రెండు అంకెలూ, మీ కొలత వరుసా కింద పెట్టండి. స్క్రీన్‌షాట్ వద్దు.